ఫాదిరి గోళీలు

లెయాండ్రోని మొదటిసారి చూసినప్పుడు ఎదురుగా మా దుకాణం పళ్ళెం ఉంది. దాన్ని అతని నెత్తిన బోర్లించకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

అరవై రెండో సంవత్సరం అది. బ్యూనస్ ఐరెస్‌లో ఎవరిని కదిపినా మనోవిశ్లేషణే. ట్రాములో గొడుగు మరిచిపోతే ఒక అర్థం, మరిచిపోకపోతే ఇంకో అర్థం. రెండూ తిరిగి తిరిగి పడగ్గదికే చేరేవి. మా పేట క్లబ్బువాళ్ళు కూడా ఒక శనివారం దాని మీద ప్రసంగం పెట్టి, ఫలహారాలు మా బేకరీ నుంచి తెప్పించుకున్నారు. వక్త లెయాండ్రో. సైకాలజీలో పట్టా పుచ్చుకుని ఇంకా సిరా ఆరలేదు. నేను తెచ్చిన పళ్ళెంలోంచే ఒక్కొక్కటి తీసి చూపించడం మొదలుపెట్టాడు.

"గుండ్రటి ఈ బన్నులు ఫాదిరి గోళీలు, ఏ గోళీలో మీకు తెలుసు. ఇవి కన్యస్త్రీ నిట్టూర్పులు. క్రీము కూరిన ఇవేమో చిట్టి ఫిరంగులు. రోజూ పొద్దున్నే కాఫీతో ఈ నగరం ఏం తింటోందో ఇంకా చెప్పాలా? మనసు అడుగున దాచుకున్న కోరికని!"

జనం పగలబడి నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ పేర్లు కోరికతో పెట్టినవి కావండీ, కోపంతో పెట్టినవి," అంటూ లేచాను. "సమ్మె చేసిన బేకరీ పనివాళ్ళు చర్చినీ సైన్యాన్నీ వెక్కిరించడానికి పెట్టారు. మా ముత్తాత జైలుకెళ్ళాడు అందుకు."

"అది పైకి కనిపించే కారణం. మీరింత ఆవేశపడుతున్నారంటేనే లోపల ఏదో తగిలిందని అర్థం."

"తగిలింది నీ పొగరు!"

"మీరులోంచి నువ్వులోకి వచ్చేశారు. నాలుక జారింది, గమనించారా?"

"జారలేదు. నేనే తోశాను."

పళ్ళెం ఎత్తుకుని ఇంటికొచ్చేశాను. క్లబ్బువాళ్ళు ఉత్త కాఫీ తాగారు.

మర్నాడు సిగ్గులేకుండా మా దుకాణానికే వచ్చాడు. డజను కావాలన్నాడు. ఏవి కావాలని అడిగితే నీ ఇష్టం అన్నాడు. పొట్లం విప్పి చూసుకుని కళ్ళెగరేశాడు.

"అన్నీ గోళీలే వేశావు. దీనికి అర్థం..."

"నిన్నటివి మిగిలిపోయాయని అర్థం."

పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. అదే నా ఖర్మ.

తర్వాత రోజూ వచ్చాడు. వానొచ్చినప్పుడల్లా నా గొడుగులోనే నడిచాడు. పిండి గట్టిగా పిసికితే ఒక వ్యాఖ్యానం, మెత్తగా పిసికితే ఇంకొకటి. తిట్టేదాన్ని. తిట్టడానికైనా రేపు వస్తాడా అని ఎదురుచూసేదాన్ని.

అలాంటివాడు వాళ్ళ ప్రొఫెసర్ల పత్రికలో మా ముత్తాత మీద వ్యాసం రాశాడు. ఆయన సమ్మె అంతా తీరని మగకోరికట. తండ్రి మీద కక్షని ఫాదిరి మీద తీర్చుకున్నాడట. మా నోనా, అంటే మా నాయనమ్మ, ఆయన కూతురే. చిన్నపిల్లప్పుడు జైలుకి రొట్టె పట్టుకెళ్ళిన మనిషి. అక్షరాలు ఆనవు కాబట్టి నాచేత చదివించుకుంది. సగంలో "చాల్లే" అని అటు తిరిగి పడుకుంది.

తిన్నగా అతను తన ప్రొఫెసరుతో కూర్చునే కాఫీ హోటలుకి వెళ్ళాను.

"రాత్రంతా పొయ్యి ముందు మాడినవాడు కూలి పెంచమన్నాడు. పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. అందులో నీకు కనిపించింది ఇదా?"

"ఒర్నెల్లా, నీ కోపం కింద..."

"కింద ఏమీ లేదు! అడుగుదాకా కోపమే!"

ప్రొఫెసరు వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. "ఇంత గట్టిగా కాదంటున్నావంటే, నన్ను ప్రేమిస్తున్నావన్నమాట."

నిజమే. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. అవునంటే నా కోపం అబద్ధమైపోతుంది. కాదంటే అతని సిద్ధాంతానికి నేనే సాక్ష్యం. ఏం మాట్లాడినా గెలిచేవాడితో ఏం కాపురం చేస్తాం?

"ఇక మా గుమ్మం తొక్కకు," అని వచ్చేశాను. ఆ వారం రొట్టెలన్నీ మాడబెట్టాను.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున, దుకాణం కిటకిటలాడుతుంటే, వానలో తడిసి ముద్దయి వరసలో నిలబడ్డాడు. గొడుగు లేదు. ఎందుకు లేదని అడగలేదు నేను.

"రావద్దన్నాను కదా?"

"నీ కోసం కాదు." గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నోనా వైపు తిరిగాడు. "బామ్మగారూ, మీ నాన్నగారు ఏం దాచుకున్నారా అని వెతికాను గానీ, ఆయన ఏం అడిగారో వినలేదు. తప్పు రాశాను."

నోనా అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఆ గోళీల పేరు పెట్టిన రోజు మా నాన్న పిండిబస్తా మీద పడి దొర్లాడు నవ్వలేక. అది బూతే అబ్బాయ్."

వరసలో ఒకావిడ సిలువ గుర్తు వేసుకుంది.

"నోనా!" అన్నాను.

"నువ్వూరుకో. నువ్వూ తక్కువ తినలేదు. మా నాన్నని విగ్రహం చేసి నిలబెట్టావు. బూతు కాకపోతే ఫాదిరికి మండుతుందా?" మళ్ళీ అతని వైపు తిరిగింది. "కానీ నువ్వన్నట్టు అడుగున దాచింది కాదది. అద్దాల బీరువాలో పెట్టి అమ్మాడు. దాచుకునేవాడే అయితే జైల్లో ఎందుకేస్తారు?"

లెయాండ్రో తల దించుకున్నాడు.

"రాసినచోటే దిద్దు."

"దిద్ది రాసిచ్చానండీ, ఈ నెల పత్రికలో వస్తుంది. మా ప్రొఫెసరు నాతో మాట్లాడడం మానేశాడు."

"అయితే మా పిల్ల మాట్లాడుతుందేమో అడిగి చూడు," అని నోనా తర్వాతివాళ్ళకి చిల్లర లెక్కపెట్టసాగింది.

అతను నా వైపు తిరిగాడు. ఈసారి ముఖంలో నవ్వు లేదు.

"నీ కోపం కోపమే ఒర్నెల్లా. నా మీదే. దాని కింద ఇక ఏదీ వెతకను."

ఈ మాట కోసం నెల రోజులు మండిపోయాను. విన్నాక ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడిపించాడని దానికీ కోపమొచ్చింది.

"కింద ఏమీ లేదు," అన్నాను. "పక్కన ఉంది."

"ఏముంది?"

"ప్రేమ! చెవుడా? కోపమూ తగ్గలేదు, ప్రేమా తగ్గలేదు. ఒకదాని కింద ఒకటి పెట్టావో, చంపుతాను."

నోరు తెరిచాడు. అర్థం చెప్పబోయాడో, క్షమించమనబోయాడో తెలియదు. తడి కాలరు పట్టుకుని కౌంటరు మీదికి లాగాను. కోపంగానే ముద్దు పెట్టుకున్నాను.