హైఫా బండిలో నాఫిదా పత్రిక

"డమాస్కస్ టీచరమ్మ పేరు మూడింటి బండిలో వెళ్ళిపోతోంది, లబీబ్!" అన్నాడు సంపాదకుడు షుక్రీ ఎఫెందీ. ముఖాన నెత్తురుచుక్క లేదు.

కైరోలో అచ్చయ్యే నాఫిదాకు మారుపేర్లతో రాసేవాళ్ళు బాగ్దాద్ నుంచి ట్యునిస్ దాకా ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. నెలనెలా పేజీల్లోనే పోట్లాడుకుంటారు, పేజీల్లోనే చుట్టరికం కలుపుకుంటారు. వాళ్ళ అసలు పేర్ల జాబితాను ఓ యూరప్ గూఢచారి ముఠా కాజేసింది. అది హైఫా మీదుగా డమాస్కస్ చేరితే, అక్కడ ఏలుతున్న ఫ్రెంచి దొరలను పత్రికలో ఏకిపారేసిన విదాద్ టీచరమ్మకు జైలే.

"జాబితా పట్టుకెళ్ళే మనిషిని గుర్తుపట్టడం ఎలా?"

"చేతిలో మన పత్రికే సిగ్నల్. మదామ్ ఒలింపియా చెప్పింది."

ఒలింపియా అందాల డబుల్ ఏజెంట్. ఈసారి మాత్రం నిజమే చెప్పింది.

పత్తి వ్యాపారి మీసం అంటించుకుని, నాఫిదా ఆఫీసులోనే పనిచేసే ఏజెంట్ లబీబ్ హైఫా రైలెక్కాడు. పెట్టెలో ఏడుగురి చేతుల్లోనూ నాఫిదాయే! ఇవాళే కొత్త సంచిక వచ్చింది మరి. అరబ్బులు పత్రికలు చదువుతారని ఆ గూఢచారి మహామేధావులకు తట్టనే లేదు. బండి కదలడానికి నాలుగు నిమిషాలుంది.

"ఆడపిల్లలకు చదువు కావాలట! ఇది రాసినవాడికి బుద్ధుందా?" అని లబీబ్ గొంతెత్తాడు.

పెట్టె భగ్గుమంది.

"నీ మొహం! రెండో పేరా చదివావా అసలు?" అని ఓ వకీలు లేచాడు.

"మా చెల్లెలి ముందు ఆ మాట అను, చూద్దాం!" అన్నాడొక ముసలి షేక్.

ఆరుగురూ మీద పడ్డారు. ఏడోవాడు మాత్రం పత్రికలోంచి తలెత్తలేదు. అచ్చాఫీసు నుంచి వచ్చినట్టే దాని పేజీల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి; కొన్నవాళ్ళే కోసుకుని చదువుకోవాలి. కోయని పత్రికను తెగ చదివేస్తున్నాడు పెద్దమనిషి! తమను ఏలేది ఇలాంటి చవటలా అని లబీబ్‌కు అసహ్యమేసింది.

చేతికర్ర పిడి తిప్పి సన్నటి కత్తి తీశాడు.

"ఉండు తమ్ముడూ, పేజీలు కోసిపెడతాను."

"వద్దు, వద్దండీ..."

"మొహమాటమెందుకయ్యా!"

మూడో మడతలోంచి జాబితా జారింది. గార్డు ఈల వేశాడు. దొంగ అని అరిస్తే ఏం పోయిందో చెప్పాలి కదా, అందుకని ఆ ఏడోవాడు నోరు మూసుకున్నాడు. జాబితా జేబులో పడేసుకుని, కదిలే బండిలోంచి లబీబ్ దూకేశాడు. పత్రికను కిటికీలోంచి వాడి ఒళ్ళోకి విసిరాడు.

"అన్నీ కోశాను! హైఫా దాకా బోలెడంత టైముంది, చదివి చావు!"

పక్క కిటికీలోంచి వకీలు సగం బయటికి వంగాడు. "పారిపోతున్నావా పత్తిగాడా! వచ్చే నెల సంచికలో నిన్ను ఉతికి ఆరేస్తా!"

అన్నట్టే ఆరేశాడు. ఆ ఉతుకుడికి ప్రూఫులు దిద్దింది లబీబే.