కూజా కింద పెట్టె

పొద్దున ఆరింటికి కూజా నింపడంతో పిచ్చుకమ్మ రోజు మొదలవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, మెడ దాకానే పోయాలి. నిండుగా పోస్తే మంచం మీదున్న అత్తగారు వంచుకునేటప్పుడు ఒలికి దుప్పటి తడుస్తుంది, దాంతో ఇంకో దుప్పటి, ఇంకో ఉతుకుడు. ఆ కూజాని మంచం పక్కన ఒక ఇనప పెట్టె మీద పెడుతుంది. పద్నాలుగేళ్ళుగా అదే చోటు. బరువైన పెట్టె, చెయ్యి తగిలినా ఒరగదు.

ఆవిడ అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. ఒకప్పుడు నోటుపుస్తకం పట్టుకుని వీధి వీధీ తిరిగి ఇళ్ళ చూరుల్లో, వెంటిలేటర్లలో పిచ్చుక గూళ్ళు వెతికేది. యూనివర్సిటీలో ఆవిడ పరిశోధన దాని మీదే. వీధిలో పిల్లలు పిచ్చుకమ్మ అని పేరు పెట్టారు. పరిశోధన అటకెక్కి ఏళ్ళయింది గానీ పేరు మాత్రం ఆవిడ కొంగు వదల్లేదు.

ఆ రోజు అత్తగారికి కొత్త మంచం వచ్చింది. తల వైపు పైకి లేస్తుంది, పక్కనే ఒక చిన్న బల్ల కూడా ఉంది. ఇక పెట్టెతో పని లేదు.

"పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యవే. మోకాలికి తగిలి తగిలి నా ప్రాణం తీసింది," అంది పిచ్చుకమ్మ కూతురితో.

కూతురు ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తుంది. పెట్టెని ఈడ్చుకుంటూ పోయి, వెనక్కి తిప్పి చూసి ఆగిపోయింది. "అమ్మా, ఇది మన కంప్యూటర్ కదా!"

"కంప్యూటర్ ఎప్పుడో పోయింది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు. పారేశాం కూడా."

"మీరు పారేసింది తెర. ఫైళ్ళుండేది ఈ పెట్టెలో."

పిచ్చుకమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు. ఆ ఇంట్లో అందరికీ కంప్యూటర్ అంటే ఆ తెరే. దుమ్ము పడకుండా గుడ్డ కప్పింది తెరకి, ఎవరైనా వస్తే చూపించింది తెరని. కింద గుర్రుమనే పెట్టెని కరెంటు డబ్బా అనుకున్నారు. మూడేళ్ళ లెక్కలూ టైపు చేశాక, ఇంకెందుకీ చెత్త అని నోటుపుస్తకాలన్నీ కాగితాలవాడికి వేసింది తనే. ఆ నెలలోనే అత్తగారు స్నానాల గదిలో పడింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చి మీట నొక్కితే తెర నల్లగా ఉంది. ఆవిడ మందుల కోసం వెళ్ళినప్పుడు మెకానిక్ వచ్చి చూసిపోయాడు. "పోయిందట. ఏమీ చెయ్యలేమన్నాడు," అని చెప్పాడు భర్త. ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, గంజి కలపడానికి లేచింది.

"ఇప్పుడెందుకే అది?" ముందు గదిలోంచి భర్త గొంతు వినిపించింది. ఆయన బస్సు డిపోలో గుమాస్తా, ఆ రోజు సెలవు. "తుప్పు పట్టింది. షాక్ కొడుతుంది. ఇచ్చి పంపించు."

"చూస్తే పోయేదేముంది నాన్నా?"

"చెప్తుంటే వినవేం!"

ఆయన గొంతు పెంచే మనిషి కాదు. తల్లీ కూతుళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. కూతురు మాత్రం తగ్గలేదు. పెట్టె పక్క రేకు విప్పి దూదిలా పేరుకున్న దుమ్ము దులిపింది. తన బల్ల మీది తెర తెచ్చి, నీలం మూతి ఉన్న పాత వైరు దాని వెనక గుచ్చి రెండు మరలూ బిగించింది. మీట నొక్కితే లోపల పంకా మూలిగింది. పెట్టె మూడుసార్లు కీచుమంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"చూశావుగా," అన్నాడు భర్త గుమ్మంలోంచి.

"ఉండండి నాన్నా." మీట ఆపి, లోపలున్న పచ్చటి పలక ఒకటి ఊడదీసింది కూతురు. "అమ్మా, పెన్సిలు రబ్బరు ఉందా?"

"రబ్బరా? కంప్యూటర్‌కి?"

"దీని అంచుకి చిలుము పట్టింది. రుద్దితే పోతుంది."

బడిపిల్ల తప్పు చెరిపినట్టు శ్రద్ధగా రుద్ది, టక్కున లోపల నొక్కింది. ఈసారి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. తేదీ ఎప్పటిదో, కూతురు పుట్టకముందుది చూపించింది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయిందట, అందుకని కాలం మర్చిపోయిందట. ఒక మీట నొక్కితే ముందుకెళ్ళింది. నెమ్మదిగా, దగ్గుతూ, పాత నీలం రంగు తెర తెరుచుకుంది. మూలగా ఒక పసుపు సంచి బొమ్మ. దాని కింద 'గూళ్ళు' అని ఉంది.

పిచ్చుకమ్మ తెర ముందు నేల మీదే కూర్చుంది. ఐదు అధ్యాయాలు, మూడేళ్ళ పట్టికలు, ఏ వీధిలో ఏ ఇంటి చూరులో ఎన్ని గూళ్ళో, ఎన్ని గుడ్లో, అన్నీ ఉన్నాయి. కూతురు గబగబా అన్నిటికీ నకలు తీసి తన కంప్యూటర్లో పెట్టింది.

"ఒక్కటీ చెడలేదమ్మా. మరి ఆ మెకానిక్ అలా ఎలా చెప్పాడు? ఎవడికైనా రెండు నిమిషాల్లో తెలుస్తుందే, పోయింది తెరేనని."

పిచ్చుకమ్మ తల తిప్పి భర్తని చూసింది. ఆయన గుమ్మం చెక్క మీద పెచ్చులు గోటితో గీకుతున్నాడు.

"తెరే పోయిందని చెప్పాడా?" అంది.

"చెప్పాడు," అన్నాడాయన. "తెర ఒకటి తెచ్చుకుంటే చాలన్నాడు."

"మరి?"

"అమ్మకి అన్నీ మంచం మీదే అప్పుడు. ఇద్దరు ఆయాలొచ్చి నాలుగు రోజులు చేసి పోయారు. నువ్వేమో మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళాలంటున్నావు. వెళ్ళొద్దని నీ మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. కంప్యూటరే పోయిందంటే చెప్పక్కర్లేదనుకున్నాను. ఆరు నెలలాగి చెబుదామనుకున్నాను. ఆరు నెలలయ్యేసరికి నోరు పెగల్లేదు."

అరవడానికి కూడా ఓపిక ఉండాలి. పిచ్చుకమ్మకి ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"నన్ను అడగాల్సింది. ఏమో, నేనే మానేసేదాన్నేమో. అప్పుడు నేను మానేశానని చెప్పుకోడానికైనా ఉండేది. పుస్తకాలు నా చేతులారా పారేసుకున్నానని, నా అంత తెలివితక్కువది లేదని, ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు వింటూ అన్నం తిన్నారు."

ఆయన కళ్ళు నిండాయి.

"వాడొక్కడినే అనకమ్మాయ్." పక్క గదిలో కొత్త మంచం మీంచి సన్నగా వినపడింది అత్తగారి గొంతు. ముగ్గురూ అటు వెళ్ళారు. ముసలావిడ పైకప్పు చూస్తోంది. "ఆ మెకానిక్ ముందు గదిలో అన్న మాట నాకూ వినపడింది. కాళ్ళు పడిపోయాయి గానీ చెవులు పడిపోలేదుగా."

"అత్తయ్యా..."

"నువ్వు పోతే నన్నెవరు లేపి కూర్చోబెడతారని భయం. నువ్వు ఆ పెట్టె మీద కూజా పెట్టినప్పుడల్లా, ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. దాహం తీరాక రేపు చూద్దాంలే అనుకునేదాన్ని. నీ కష్టం మీద కూజా పెట్టించుకుని తాగాను తల్లీ. నన్ను క్షమించమని అడగడానికీ మొహం లేదు."

పిచ్చుకమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు, పద్నాలుగేళ్ళ కిందట వంటింట్లో సగంలో ఆపేసిన ఆ ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకోలేదు ఈసారి. మంచం పట్టీ పట్టుకుని బావురుమంది. అత్తగారి చెయ్యి వచ్చి ఆవిడ తల మీద పడింది. ఆ చేతిని తోసెయ్యాలనిపించింది. రోజూ గోళ్ళు తీసి నూనె రాసేది తనే కదా, తొయ్యలేకపోయింది.

మధ్యాహ్నం అయ్యాక కూతురి గదిలోకి వెళ్ళి, మళ్ళీ బల్ల మీదికి చేరిన తెర ముందు కూర్చుంది. ఐదో అధ్యాయం చివరికి వెళ్ళింది. అత్తగారు పడిన చప్పుడికి పరిగెత్తిన రోజు వదిలేసిన వాక్యం అలాగే ఉంది. 'సగం కట్టి వదిలేసిన గూటికి పిచ్చుకలు మళ్ళీ వస్తాయా అని చూస్తే,' అన్నచోట ఆగింది. తర్వాత ఏం రాయబోయిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"అమ్మాయ్, దాహం," అని పిలిచింది అత్తగారు.

కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆవిడ సగం లేచేలోపే భర్త అడ్డం వచ్చాడు. "నువ్వు కూర్చో. ఈ పూట నుంచి అది నా పని."

"మెడ దాకానే పొయ్యండి," అందావిడ. ఆయన వినిపించుకోలేదో, కంగారుపడ్డాడో, కాసేపటికి పక్క గదిలో భళ్ళున నీళ్ళు ఒలికిన చప్పుడు, అత్తగారి తిట్లు, ఆ వెనకే దుప్పటి ఎక్కడుందని ఆయన కేక. పిచ్చుకమ్మ లేవలేదు. బీరువాలో కింది అరలో ఉందని మాత్రం చెప్పింది.

"ఏం రాశావమ్మాయ్ అందులో?" తడి పక్క మీంచే అడిగింది అత్తగారు.

చదివి వినిపించింది ఆ సగం వాక్యం.

"వచ్చాయా మరి?"

"గుర్తులేదు అత్తయ్యా. పట్టికలో ఉంటుంది. చూసి చెబుతాను," అంటూ పిచ్చుకమ్మ కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి జరిగింది.