నోరు తెరిచే హిప్పో

మా తమ్ముడు ఎవరితోనైనా గంటల తరబడి వాగగలడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనతో, పక్కింటి పిల్లితో, రాంగ్ నంబరు కలిపినవాళ్ళతో కూడా. అలాంటివాడు ఆ వాన రోజున బెల్లం కొట్టిన రాయిలా ఎందుకు కూర్చున్నాడో నాకు మొదట అంతుపట్టలేదు.

మేము ఊలుతో బొమ్మలు చేస్తాం. ముందుగదిలో కిటికీ పక్కన బల్లకి బిగించిన అల్లిక మిషన్ ఉంటుంది. బారుగా సూదులు, వాటి మీద అటూ ఇటూ తోసే క్యారేజీ. ఒకసారి తోస్తే ఒక వరస అల్లుతుంది. తోసేది తమ్ముడు, అంచులు కలిపి కుట్టేది నేను, రేడియో వింటూ దూది కూరేది నాన్న. కళ్ళు మాత్రం తమ్ముడే పెట్టాలి. అవి ఏ కాస్త దగ్గరికి జరిగినా కుందేలు దొంగచూపులు చూస్తుందంటాడు.

ఆ సాయంత్రం వాన దంచి కొడుతోంది. తలుపు తీస్తే గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. తడిసి ముద్దయింది. ఒక చేతిలో తెల్లకోటు, ఇంకో చేతిలో మా కుందేలు.

"ఈ బొమ్మలు చేసేది మీరేనా అండీ?"

"మేమే. ఏమైంది, కుట్టు ఊడిందా?"

"కుట్టు బానే ఉంది. దీనికి నోరేది?"

కుందేలుని తీసుకుని చూశాను. ముక్కుంది, మీసాలున్నాయి, చెవులకైతే కొదవే లేదు. నోరు లేదు. మా ఏనుగుకీ లేదు, ఎలుగుబంటికీ లేదు. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళు లేరు, మాకూ తట్టలేదు.

"ముద్దుగా ఉంటే చాలదామ్మా, బొమ్మకి నోరెందుకు?" అన్నాను కాస్త చురుగ్గానే.

"నేను పళ్ళ డాక్టర్నండీ. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా పిల్లలే. నోరు తెరిచి 'ఆ' అనమంటే ఒక్కరూ అనరు. కుందేలు చూడు ఎంత బుద్ధిగా నోరు తెరిచిందో అని చెప్దామని ఇది కొన్నాను. ఒక పాప దీన్ని తిరగేసి మరగేసి చూసి, దీనికి అసలు లేదుగా, నేనూ తెరవను పో అంది."

నాన్న రేడియో తగ్గించి మరీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ అమ్మాయీ నవ్వింది. ఆ నవ్వుకే మావాడు మిషన్ మీంచి తలెత్తాడు.

తలెత్తినవాడు దించితే కదా. కళ్ళప్పగించి చూస్తూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ క్యారేజీని తోసింది. అప్పటికే ఊలు ఉండ అయిపోయి దారం కొస జారిపోయింది, అది వాడు చూడలేదు. దారం లేకుండా క్యారేజీ తోస్తే అల్లినదంతా సూదుల మీంచి ఊడి కిందపడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. వాడు ఆ తప్పు మానేసి ఎన్నేళ్ళయిందో. సగం ఏనుగు వచ్చి వాడి పాదాల మీద పడింది.

"అయ్యో, నా వల్లేనా?" అందా అమ్మాయి.

వాడు కాదన్నట్టు తలూపాడు. అంతటితో ఊరుకోకుండా అరచెయ్యి ముక్కు దాకా అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన మాట్లాడరా?" అని నన్నడిగింది.

"మామూలుగా అయితే మేమే చెవుల్లో దూది పెట్టుకోవాలమ్మా. ఇవాళ ఏం పుట్టిందో."

నాన్న తువ్వాలు ఇచ్చాడు, నేను టీ ఇచ్చాను, మావాడు ఏమీ ఇవ్వలేదు. టీ తాగుతూ ఆ అమ్మాయి తనకేం కావాలో చెప్పింది. పెద్ద నోరున్న జంతువు కావాలి. పిల్లలు అందులో చెయ్యి పెట్టాలి. పళ్ళు ప్రెస్ బటన్లతో ఊడిరావాలి, మళ్ళీ పెట్టుకోవాలి. ఒకటి మాత్రం నల్లగా పుచ్చిపోయి ఉండాలి, దాన్ని పిల్లలే పీకాలి.

"అయితే హిప్పో" అన్నాడు నాన్న.

"హిప్పోనే. చేస్తారా?" అని మావాడి వైపు తిరిగింది.

"ఊ" అన్నాడు చేతి వెనక నుంచి.

ఆ అమ్మాయి వెళ్ళాక వాడిని వంటింట్లోకి లాక్కెళ్ళి నిలదీశాను. "ఏరా, మన ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడితే నీ సొమ్మేం పోతుంది?"

"ఆవిడ పళ్ళ డాక్టరక్కా."

"అయితే?"

వాడు పెదవి పైకెత్తి చూపించాడు. అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. ముందుపన్ను సగానికి విరిగి నల్లబడి ఉంటుంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాడు. నాన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆ డాక్టరు వేలు కొరికి వీధి చివరిదాకా పరిగెత్తాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇంట్లోవాళ్ళం రోజూ చూసే మొహం కాబట్టి మాకు అది పన్నులా కూడా కనిపించడం మానేసింది.

"అందరి ముందూ నవ్వుతాను, నాకేం సిగ్గు లేదు. ఆవిడ ముందు నోరు తెరిస్తే ఆవిడ చూసేది నన్నా, పన్నునా? ఒళ్ళు చూసుకోవడం రాని మొద్దు అనుకుంటుంది. ఎవరైనా అనుకోనీ, ఆవిడ అనుకోకూడదు." అని ఆగి, "చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడు.

అప్పుడు వాడి మొహం చూసి జాలేసింది. తెలివితక్కువగా ఒట్టేశాను.

మిషన్ మీద బొమ్మంటే ఒక గొట్టం. రెండు కొసలూ దారం లాగి బిగిస్తే పని అయిపోయినట్టే. దానికి నోరు పెట్టాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. సగం సూదుల్ని ఆపి మిగతా సగమే అల్లాలి, చీలిక వదలాలి, లోపలికి ఎర్ర ఊలుతో వేరే సంచీ అల్లి కుట్టాలి. మొదటి హిప్పో నోరు మనీపర్సులా వచ్చింది. నాన్న దాన్ని కళ్ళజోడు దాచుకోవడానికి తీసుకున్నాడు. రెండోదాని మూతి వేలాడిపోయింది.

దాన్ని చూడ్డానికి వచ్చిన డాక్టరమ్మ, "పాపం, ఇది నాకంటే ముందు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినట్టుందే" అంది.

మావాడి భుజాలు నవ్వుతో ఊగిపోయాయి. చెయ్యి మాత్రం నోటి మీంచి దిగలేదు.

తర్వాత తర్వాత ఆ అమ్మాయి పని ఉన్నా లేకపోయినా రావడం మొదలుపెట్టింది. క్లినిక్ మూసేసి, ఇంటికెళ్ళి తయారై మా ఇంటికొచ్చేది. నన్ను అక్కా అనేది. నాన్న పక్కన కూర్చుని దూది కూరేది. మావాడిని ఉడికించకుండా మాత్రం ఒక్క రోజూ వెళ్ళలేదు.

"అక్కా, ఊ అనేది మాట కిందికొస్తుందా?"

"మా ఇంట్లో ఈ మధ్య అదే వస్తోందమ్మా."

"అయితే ఇవాళ బాగానే మాట్లాడారు."

వాడు వంచిన తల ఎత్తకుండా పళ్ళు కుడుతున్నాడు. ఒక్కో పన్నూ తెల్ల ఊలుతో అల్లి, దూది పెట్టి, కింద బటను కుట్టి, మళ్ళీ నచ్చక విప్పేవాడు. మేము చేసిన జంతువుల్లో దేనికీ అంత సేవ జరగలేదు. ఆ అమ్మాయి వచ్చే వేళకి కిటికీలోంచి మెట్లవైపు చూడటం, రాగానే పనిలో మునిగినట్టు నటించడం. నేను చూడట్లేదని వాడి నమ్మకం.

ఒకరోజు తనకీ మిషన్ నేర్పమంది. వాడు స్టూలు ఇచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ అమ్మాయి క్యారేజీని విసురుగా తోయబోతే, గబుక్కున మణికట్టు పట్టుకుని ఆపాడు.

"మెల్లగా. అది తోసినట్టు కాదు, వెంట నడిచినట్టుండాలి" అన్నాడు.

అది ఆమెతో వాడు మాట్లాడిన మొదటి వాక్యం. డాక్టరమ్మ తలెత్తి వాడి మొహంలోకి చూసింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు. అంతే, మావాడు నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగి నోరు మూసేసుకున్నాడు. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుని, మేము చూడట్లేదనుకుని తన చున్నీ అంచు వాసన చూసుకుంది. ఎందుకో నాకు తెలియలేదు.

చివరికి హిప్పో తయారైంది. బూడిదరంగు ఒళ్ళు, చెంపలు ఉబ్బిన మూతి, లోపల ఎర్రటి నాలుక, ఒకే ఒక్క నల్ల పన్ను. "మీరే తీసుకురండి. పిల్లలకి ఎవరు చేశారో చూపించాలి" అని వాడికి మరీ మరీ చెప్పి వెళ్ళింది. మరునాడు నీట్‌గా షేవ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దాకా వచ్చి, సంచీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వెళ్ళక్కా. ఆ కుర్చీ చూశానంటే మళ్ళీ వీధి చివరిదాకా పరిగెడతాను."

క్లినిక్‌లో హిప్పోని చూడగానే పిల్లలు ఎగబడ్డారు. ఏడుస్తూ వచ్చిన పాప ఒకతె నల్ల పన్ను పీకి అందరికీ చూపించి, తనే వెళ్ళి కుర్చీ ఎక్కి 'ఆ' అంది. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపుతోనే నా వెనక తలుపు వైపు చూసింది.

"ఆయన రాలేదా?"

"ఒంట్లో బాగాలేదమ్మా" అని నీళ్ళు నమిలాను.

పిల్లలందర్నీ చూసి పంపించింది. తర్వాత నా పక్కన వచ్చి కూర్చుంది.

"అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నా దగ్గర వాసన వస్తుందా?"

"వాసనేంటమ్మా?"

"క్లినిక్ వాసన. స్పిరిటూ, లవంగ నూనే. నాకు అలవాటైపోయి తెలీదు. నన్ను చూస్తే చాలు ఆయన ముక్కు మూసుకుంటారు. అందుకే ఇంటికెళ్ళి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, సెంటు కొట్టుకుని మరీ వస్తున్నాను. అయినా మూసుకుంటూనే ఉన్నారు." నవ్వబోయి నవ్వలేకపోయింది. "మా పెద్ద డాక్టరుగారు వేరే ఊళ్ళో క్లినిక్ తెరుస్తున్నారు. నన్ను వెళ్ళమంటున్నారు. ఇవాళ సాయంత్రం ఏ సంగతో చెప్పాలి. ఇన్ని రోజులూ ఎందుకు నాన్చుతున్నానో మీకు తెలుసుగా అక్కా. ఇంక సరేనని చెప్పేస్తాను."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాడు ఒట్టు అడ్డం పడింది. ఆ పిల్ల చెయ్యి నొక్కి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టాను. "ఒరేయ్, తన దగ్గర కంపు కొడుతుందా అని ఆ పిల్ల నన్ను అడిగిందిరా. నువ్వు ముక్కు మూసుకుంటున్నావనుకుని రోజూ స్నానాలు చేసి వస్తోందట. సాయంత్రానికి వేరే ఊరికి సరేనని చెప్పేస్తోంది. నీ పన్ను నువ్వు దాచుకుని ఇక్కడే కూర్చో."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కంపా? ఆవిడా?" అన్నాడు. క్యారేజీని వరస మధ్యలోనే వదిలేసి లేచాడు. ఆ పని వాడెప్పుడూ చెయ్యడు.

బయట మళ్ళీ వాన. వాడు ముందు, గొడుగు పట్టుకుని వాడి వెనక నేను. ఎంత అరిచినా ఆగలేదు. మేము వెళ్ళేసరికి డాక్టరమ్మ లైట్లు ఆర్పుతోంది. మావాడు పలకరింపు కూడా లేకుండా నేరుగా వెళ్ళి ఆ కుర్చీలో పడుకున్నాడు. రెండు చేతులా కుర్చీని గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. మళ్ళీ లైటు వేసి, చిన్న అద్దం తీసుకుని వాడి మీదికి వంగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చిన్నప్పట్నుంచి."

"చెయ్యి అడ్డం పెట్టుకుంది ఇందుకా?"

తలూపాడు.

"వాసనకి కాదా?"

వాడు కళ్ళు తెరిచి, అద్దం పట్టుకున్న చేతిని మెల్లగా పక్కకి జరిపాడు.

"మీరు వచ్చి వెళ్ళాక లవంగాల వాసన మా గదిలో కాసేపు ఉంటుందండీ. అది పోయేదాకా నేను కిటికీ తెరవను. నాన్న ఉక్కపోస్తోందని తిడతాడు, అయినా తెరవను. ఈ మధ్య సెంటు కొట్టుకొస్తున్నారు, అది రావట్లేదు. అడుగుదామంటే నోరు తెరవాలాయె." కుర్చీలో సగం లేచాడు. "నేను మొద్దునే. పన్నుకి భయపడి మిమ్మల్ని బాధపెట్టాను. వెళ్ళొద్దనడానికి నేనెవర్ని? కానీ వెళ్ళొద్దండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఇన్నాళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చేశాడు. డాక్టరమ్మ మాస్కు పైకి లాక్కుంది. కళ్ళు మాత్రం దాచుకోలేకపోయింది.

"ముందు తల వెనక్కి పెట్టండి" అని చిన్న సూది వేసింది. వాడు కొరకలేదు. మూతి మొద్దుబారేదాకా ఆగింది. "ఇప్పుడు మీరు మాట్లాడలేరు కాబట్టి నేను మాట్లాడతాను. నాకు మీరంటే మొదటి రోజు నుంచీ ఇష్టం. ఏనుగు కిందపడ్డప్పుడు మీ మొహం చూశానుగా. కోపం మాత్రం ఇంకా పోలేదు, అది తీరిగ్గా తీర్చుకుంటాను."

వాడు ఏదో అనబోయి, పెదవి తిరగక, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అంతలో టేబుల్ మీద ఫోన్ మోగింది. ఆ అమ్మాయి రెండో చేత్తో తీసింది.

"సార్, మీకే చేద్దామనుకుంటున్నాను. నేను అక్కడికి రాలేనండీ. కాదు సార్, జీతం సంగతి కాదు. ఇక్కడ ఒక పేషెంటున్నారు. అవును సార్, ఒక్కరే. ఎన్నాళ్ళంటే..." అని వాడి వైపు చూసింది. "జీవితాంతం పట్టేలా ఉందండీ."

నేను గొడుగు వాళ్ళకి వదిలేసి, తడుచుకుంటూనే నాన్నకి చెప్పడానికి బయల్దేరాను.