పన్నెండో కుండ

"ఇవి నా కుండలు!" అంది దొర్సాఫ్.

"తెలుసు. అందుకే పగలగొట్టలేదు," అన్నాడు మెహ్రెజ్.

పన్నెండు మట్టికుండలూ మెహ్రెజ్ వాళ్ళింటి ప్రహరీగోడ మీద వరసగా కూర్చుని ఎండ కాచుకుంటున్నాయి. శుభ్రంగా కడిగి మరీ పెట్టాడు మహానుభావుడు. అది చూస్తే దొర్సాఫ్‌కి ఇంకా ఒళ్ళు మండింది.

"ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"సముద్రంలో పెట్టుకున్నాను. సముద్రం మీ తాత సొమ్మా?"

"కాదు, ముత్తాతది. కాగితం ఉంది, చూస్తావా?"

అతను నిజమే చెప్పాడు మరి. కెర్కెన్నా దీవుల్లో పొలాలకే కాదు, ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్ళకీ హద్దులుంటాయి. ఖర్జూరపు మట్టలు పాతి ఎవరి నీళ్ళు వాళ్ళు వేరు చేసుకుంటారు. ఆక్టోపస్‌లు వచ్చి దూరతాయని అక్కడ కుండలు దించుతారు. పరాయి కుండ కనబడితే తీసి గోడమీద పెడతారు. దాని సొంతదారు వచ్చి నాలుగు చీవాట్లు తిని పట్టుకెళ్ళాలి. పడవలో గంట ప్రయాణం దూరంలో ఉన్న పట్నం స్ఫాక్స్‌లో పుట్టి పెరిగిన దొర్సాఫ్‌కి ఈ సంగతి తెలియకపోవడం విడ్డూరమే.

"నేను ఆక్టోపస్‌ల కోసం పెట్టలేదయ్యా! లోపల చూశావా అసలు?"

కుండ అడుగున అతికించిన గుండీ అంత యంత్రాన్ని ఊడదీసి చూపించింది. "ఇది గంటగంటకీ నీళ్ళ వేడి రాసుకుంటుంది. నీళ్ళు వేడెక్కడం వల్లే ఆక్టోపస్‌లు ఆలస్యంగా వస్తున్నాయేమో తేల్చాలని పెట్టాను. యూనివర్సిటీ ప్రాజెక్టు. మా ప్రొఫెసర్లది కాదు, నా సొంతం."

మెహ్రెజ్ మొహంలో నవ్వు మాయమైంది.

"ఎప్పుడు తీశావు?"

"మూడు వారాలైంది."

"భేష్! పెట్టిన మర్నాడే తీసేశావు! నేను స్ఫాక్స్‌లో పరీక్షలు రాసుకుంటుంటే ఇవి మూడు వారాలూ మీ గోడ వేడి కొలిచాయన్నమాట!"

అని నవ్వబోయింది గానీ ఏడుపొచ్చేసింది. విద్యార్థులు సొంతంగా చేసే సముద్ర పరిశోధనలకి చేయూతనిచ్చే సంఘం ఒకటి ఆ యంత్రాలు ఇచ్చింది. పది రోజుల్లో లెక్కలు చూపించాలి. లేకపోతే యంత్రాలు ఇంకో విద్యార్థికి వెళ్ళిపోతాయి, రెండేళ్ళుగా కలలుగన్న ప్రాజెక్టు అక్కడితో సరి.

"పోట్లాట తర్వాత పెట్టుకోండి, టీ చల్లారిపోతోంది," అంటూ మెహ్రెజ్ తల్లి మొంజియా పళ్ళెంతో వచ్చింది. "రా అమ్మా, కూర్చో. వీడికి చిన్నప్పట్నుంచీ సర్దడం పిచ్చి. నన్ను కూడా ఏదో ఒకరోజు కడిగి గోడమీద పెడతాడు."

వసారాలో టీ తాగుతూ దొర్సాఫ్ తల పైకెత్తింది. పైన దూలానికి పాత తాళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ బోలెడు ముడులు.

"ఇవేంటి పిన్నీ?"

"ఒక్కో ఏడాదికీ ఒక్కో తాడు. ఏటా ఒకే రోజున కుండలు దించుతాం, ఆ రోజే మొదలుపెడతాను. ఏమీ పడని రోజు చిన్న ముడి, పడిన రోజు పెద్ద ముడి. మా అత్తగారు నేర్పింది. నాకు చదువు రాదుగా."

దొర్సాఫ్ గ్లాసు కింద పెట్టి తాళ్ళు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. అన్నిటికంటే పాత తాడులో తొమ్మిది చిన్న ముడుల తర్వాత పెద్ద ముడి వచ్చింది. నిరుటి తాడులో పెద్ద ముడి కోసం నలభై దాకా లెక్కపెట్టాల్సి వచ్చింది.

"పిన్నీ, మీరు ఇరవై ఆరేళ్ళుగా నా ప్రాజెక్టు చేస్తున్నారు!"

"అదేంటే, నేను ఇంటిపని చేస్తున్నాననుకున్నానే!" అంది మొంజియా.

ఆ తర్వాత నాలుగు రోజులూ తాళ్ళతోనే గడిచాయి. తాడు ఒక కొస మెహ్రెజ్ పట్టుకునేవాడు, రెండో కొస దొర్సాఫ్. ముడులు లెక్కపెడుతూ పెడుతూ మధ్యకి వచ్చేసరికి ఇద్దరూ ఎదురుబొదురుగా ఉండేవాళ్ళు. అక్కడికి రాగానే ఎవరో ఒకరు లెక్క తప్పేవారు. మళ్ళీ మొదటికి.

"నువ్వు కావాలనే తప్పుతున్నావు," అంది ఆమె ఒక మధ్యాహ్నం. బయట సన్నగా వాన పడుతోంది.

"నువ్వు కూడా నిన్న రెండుసార్లు తప్పావు."

"నాకు అలసటగా ఉండింది."

"నాకు ఇవాళ అలసటగా ఉంది," అని మెహ్రెజ్ తాపీగా మళ్ళీ మొదటి ముడి పట్టుకున్నాడు.

తాళ్ళ లెక్కతో పాటు సంఘానికి పంపే ఉత్తరంలో, పోయిన మూడు వారాల సంగతి ఎలా రాయాలో మాత్రం ఆమెకి తోచలేదు.

"కెరటాలకి కుండలు కొట్టుకుపోయాయని రాసెయ్," అన్నాడు అతను. "లేదా నేనే తీశానని రాయి. నా పేరు రాస్తే నాకేం కాదు."

"అబద్ధం రాయను. నిన్ను నిందించనూ నిందించను. అడక్కుండా పెట్టింది నేను. తప్పు నాదే."

ఆ క్షణంలోనే ఆ పిల్ల తన మనసులో తిష్ట వేసుకుని కూర్చుందని మెహ్రెజ్‌కి అర్థమైంది. దొర్సాఫ్‌కి తెలియనిదల్లా అదొక్కటే.

వారం తర్వాత సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ప్రాజెక్టు కొనసాగించమన్నారు. పోయిన లెక్కలు పోయినట్టే, తాళ్ళ లెక్క మాత్రం వదలద్దన్నారు. మొంజియా పేరు, మెహ్రెజ్ పేరు పరిశోధనలో భాగస్వాములుగా రాయమన్నారు. దొర్సాఫ్ గెంతులేస్తూ వచ్చి చెప్పింది.

మొంజియా అంతా విని వేలు చూపించింది. "సంతోషం. ఈ సీజను అయ్యేదాకా నీ కుండలు మా నీళ్ళలో ఉండనిస్తాను. తర్వాత ఒక్కటి కూడా ఉండకూడదు. మా నీళ్ళలో మా ఇంటివాళ్ళ కుండే ఉండాలి. ఇది మా అత్తగారి మాట."

"అలాగే పిన్నీ," అంది దొర్సాఫ్ బుద్ధిగా.

సీజను చివరి రోజు రానే వచ్చింది. కుండలన్నీ పైకి తీసే రోజు. ముగ్గురూ పడవలో వెళ్ళారు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. దొర్సాఫ్ కుండలు ఒక్కొక్కటే పైకి తెచ్చి ఆమె ముందు పెడుతున్నాడు మెహ్రెజ్. మర్నాడు పొద్దున్నే దొర్సాఫ్ స్ఫాక్స్ వెళ్ళే పడవెక్కాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

పదకొండు కుండలయ్యాయి. మెహ్రెజ్ పడవ ఒడ్డువైపు తిప్పాడు.

"ఆగు, ఇంకోటుంది," అంది దొర్సాఫ్.

అతను తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్, అదిగో అక్కడ కనిపిస్తోందిగా!" అంది మొంజియా. "ఎవరి కుండరా అది?"

మెహ్రెజ్ చెవులు ఎర్రబడ్డాయి. తెడ్డు వంకే చూస్తూ, "మనదేనమ్మా," అన్నాడు.

పడవ తనంతట తానే కాస్త దూరం జరిగింది. మొంజియా కొడుకుని చూసింది, తర్వాత దొర్సాఫ్‌ని చూసింది.

"ఏమ్మా, వీడు మనదే అంటున్నాడు. నువ్వేమంటావు?"

దొర్సాఫ్ పడవ అంచు మీదకి వంగింది. ఇన్ని లెక్కలు చేసిన పిల్లకి ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ తట్టనేలేదు. నీళ్ళ అడుగున గడ్డిలో ఒదిగి కూర్చున్న కుండ వంక చూసింది. తీయబుద్ధి కాలేదు.

"మనదే పిన్నీ," అంది మెల్లగా. "ఉండనివ్వండి."

"సరే అయితే. వచ్చే శుక్రవారం మేమే పడవెక్కి మీ ఇంటికి వస్తాం. మీ అమ్మ ఎండబెట్టిన ఆక్టోపస్ తింటుందా? నాలుగు తెస్తాను."

అంటూనే మొంజియా ఒళ్ళోంచి ఆ ఏటి తాడు తీసింది. కొసన పెద్ద ముడి ఒకటి వేసి, పళ్ళతో గట్టిగా బిగించింది.

"అమ్మా, ఇవాళ మనకి ఒక్కటి కూడా పడలేదు," అన్నాడు మెహ్రెజ్.

"నోర్మూసుకుని తెడ్డు వెయ్యి," అంది మొంజియా.