తాళానికి తన పేరు

ఉదయం పదకొండు నలభైకి ఏజెంట్ ఎల్డన్ ఫోన్ మోగింది. పోర్ట్‌లాండ్ ఆఫీసు కిటికీ బయట వాన.

“గొడుగు ఉందా?” అవతల చీఫ్ మర్సర్.

“ఈ ఊళ్లో ఎవరు పట్టుకుంటారండీ?”

సంకేతం సరిపోయింది.

“విను. మీ హింజ్‌పిన్ కొత్త వెర్షన్‌లో దొంగదారి ఉంది. సరిగ్గా పన్నెండింటికి విడుదల. నలభై ఆసుపత్రుల లాగిన్లు దానిమీదే నడుస్తాయి. విదేశీ ముఠా కాచుకుని కూర్చుంది. ఆపు. ఇంకో మాట. ఆ కోడ్‌ని ఆమోదించింది నువ్వే.”

వెబ్‌సైట్లకు లాగిన్ అమర్చే జావాస్క్రిప్ట్ లైబ్రరీ హింజ్‌పిన్. మూడేళ్లుగా ఎల్డన్ అనే మారుపేరుతో ఆ బృందంలో పనిచేస్తున్నాడు. ఒకరి కోడ్ ఇంకొకరు చదవందే లోపలికి పోకూడదని అక్కడ నియమం. శుక్రవారం ఎదురు బల్ల రొవీనా రెండువేల లైన్లు పంపింది, అతని బల్లమీద ఒక డోనట్ పెట్టింది. చదవకుండానే “బాగుంది” అని రాశాడు. రొవీనా కోడ్ కదా!

ఇప్పుడు చదివాడు. ఎవరి పాస్‌వర్డ్ బదులైనా ఒకే మాట కొడితే తలుపు తెరుచుకుంటుంది. ఆ మాట: టోబియస్.

అది అతని అసలు పేరు. తల్లి పోయిన రోజున ఒక్క మనిషికే చెప్పుకున్నాడు.

ఆపడానికి లాగిన్ కాబోయాడు. పాస్‌వర్డ్ తప్పంది.

“నా పాస్‌వర్డ్ మార్చేశావా?” తలెత్తి అడిగాడు.

ఎదురు బల్ల దగ్గర రొవీనా ఎర్రటి రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటోంది. “చదవకుండా సంతకం పెట్టేవాడికి తాళాలెందుకోయ్?”

“నా పేరే దొరికిందా నీకు?”

“రేపెవరైనా తవ్వితే నీ పేరే బయటపడాలిగా.”

పదకొండు యాభై తొమ్మిది.

అప్పుడు గుర్తొచ్చింది. వండినవాళ్లే ముందు రుచి చూడాలని, ప్రతి కొత్త వెర్షన్నీ ఒకరోజు ముందే, విడుదలలు నడిపే తమ సొంత సైటుకి పెట్టుకుంటారు. అంటే దొంగదారి ఈ ఇంటికీ ఉంది!

యూజర్ పేరు: రొవీనా. పాస్‌వర్డ్: టోబియస్.

తెరుచుకుంది. విడుదల రద్దు. ఇంకా రెండు సెకన్లు మిగిలాయి.

మెట్లమీద మర్సర్ మనుషుల బూట్ల చప్పుడు. రొవీనా చెయ్యి గుండీ దగ్గరే ఆగిపోయింది.

“నిజంగా ఒక్క లైనూ చదవలేదా ఆ రోజు?” అడిగింది.

“నువ్వు రాశావని తెలుసు. చాలనుకున్నాను.”

సాయంత్రం మర్సర్ పద్నాలుగు పేజీల నివేదిక సంతకం కోసం అతని ముందు పెట్టాడు. ఎల్డన్ మొదటి పేజీ నుంచి మొదలెట్టాడు.

“ఏమయ్యా, నామీద నమ్మకం లేదా?”

“ఉందండీ. అందుకే రెండుసార్లు చదువుతున్నాను.”