ఎర్ర త్రికోణం మీద వేలు

లోయలో కారు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. రిపోర్టు మాత్రం అప్పుడే తయారైపోయింది: "డ్రైవర్ తప్పు బటన్ నొక్కాడు."

ఆ డ్రైవర్ కొరివి తమ్ముడు.

కొరివి అసలు పేరు సీక్రెట్ సర్వీస్‌లో ఎవరికీ గుర్తులేదు. చేరిన కొత్తలో ఎవడో అన్నాడు, అంటుకుంది. రిపోర్టు చదివి దాన్ని చీఫ్ టేబుల్ మీదికి విసిరికొట్టాడు కొరివి.

"ఏ తప్పు బటన్ సార్?"

"డాష్‌బోర్డు మీద వాలులో దిగే కారు బొమ్మ ఉంటుంది. అది."

"హిల్ డిసెంట్ కంట్రోల్. ఘాట్ రోడ్డు దిగేముందు నొక్కాల్సిన బటన్. నొక్కితే బండి తనంతట తానే బ్రేకు పట్టుకుంటూ దిగుతుంది. మావాడు సరైనదే నొక్కాడు. దాని వెనక వైరు ఎవడో మార్చాడు. నొక్కగానే బ్రేకులు పోయాయి."

"అది నిరూపించే నాథుడేడి?"

కొరివి పళ్లు నూరాడు. కారు అమ్మేవాడికి నోరుంటుంది, బటన్‌కి ఉండదు. నాలుగు గీతలు, మూడు వంకరలు గీసి, చావు పొమ్మంటారు. బొమ్మలు తెలియనివాడు ఏదీ ముట్టుకోడు, బతికిపోతాడు. తమ్ముడు ఒక్కో బొమ్మా పట్టుబట్టి నేర్చుకున్నాడు. నేర్చుకున్నందుకే పోయాడు. పోయాక వాడి మొహానికే మసి పూశారు. కడుపు మండదా?

చీఫ్ గొంతు తగ్గించాడు. "విను. మన వీఐపీ కార్ల సర్వీసింగ్ కాంట్రాక్టు ఓ విదేశీ కంపెనీది. దాని ఇంజనీర్ పైకి కన్సల్టెంట్, లోపల హంతకుల ముఠా నాయకుడు. రేపు పొరుగు దేశం రాయబారి శాంతి ఒప్పందం మీద సంతకానికి వస్తున్నాడు. మన కార్లో చచ్చాడా, యుద్ధమే. ఇంజనీర్ వెనక ఎస్కార్ట్ కార్లో వస్తాడు. ఆ కారుకి డ్రైవర్‌వి నువ్వు. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"నాకక్కర్లేదు సార్."

"ఇది ఆర్డర్!"

మర్నాడు పొద్దున తెల్ల యూనిఫాం, పెట్టుడు మీసంతో కొరివి స్టీరింగ్ పట్టాడు. వెనక సీట్లో ఇంజనీర్, చూయింగ్ గమ్ నములుతూ. మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు, దరిద్రుడు! పక్కన వాడి సర్వీస్ సెంటర్ మేనేజర్. నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఊరందరి తలలూ తిప్పే నడక. ముఠాలో ఆమెను వజ్రం అంటారు.

కొరివి కోడ్ వదిలాడు. "ఏసీ గాలి కాళ్లకా, మొహానికా మేడమ్?"

"అద్దానికి," అంది వజ్రం.

మన మనిషే. డబుల్ ఏజెంట్.

కాన్వాయ్ ఘాట్ ఎక్కింది. ముందు రాయబారి కారు, దాన్ని నడిపేది అందరూ బాబాయ్ అని పిలిచే ముసలాయన. డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా పెద్ద డ్రైవర్, తమ్ముడికి బండి నేర్పిన మనిషి. దిగుడు మొదలైంది. కొరివి వేలు వాలు బొమ్మ మీద పెట్టాడు.

"ఇది నొక్కనా సార్?"

"నిరభ్యంతరంగా," ఇంజనీర్ నవ్వాడు. నమలడం ఆగలేదు.

కొరివికి వెలిగింది. ఆ బటన్ ముట్టుకోవద్దని డిపార్ట్‌మెంట్ సర్క్యులర్ వేసింది. వీడు ఈసారి రాయబారి కార్లో వేరే బటన్ ఎంచుకున్నాడు!

అద్దంలో వాడి దవడ మీదే చూపు ఉంచి, వేలు మెల్లగా జరిపాడు. వెనక అద్దం మంచు తుడిచే బొమ్మ. నమిలాడు. కారులోనే తిరిగే గాలి బాణం. నమిలాడు. జారుతున్న టైర్ల గీతలు. నమిలాడు. ఎర్ర త్రికోణం.

దవడ ఆగింది. కళ్లు ముందుకు, టన్నెల్ వైపు పోయాయి.

హజార్డ్ లైట్లు! బండి చెడి ఆగిపోయినప్పుడు వేయాల్సినవి. కానీ మన డ్రైవర్లకో పాడు అలవాటు. చీకటి టన్నెల్ కనబడితే చాలు, అందరూ ఆ త్రికోణం నొక్కి నాలుగు ఇండికేటర్లూ వెలిగించేస్తారు. ఎవడూ నేర్పలేదు, ఎవడూ వద్దనలేదు. ఆ తప్పు కోసమే ఈ ముఠా ఆ త్రికోణానికి బాంబు కలిపి కాచుకుని కూర్చుంది.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. కాన్వాయ్‌లో తిరిగే జామర్, మనదే! కొరివి యాక్సిలరేటర్ తొక్కాడు.

వజ్రం పిస్టల్ ఇంజనీర్ పక్కటెముకలకు ఆనింది. "కదలకండి సార్, చీర నలుగుతుంది."

"ముందుకెళ్లి అడ్డంగా ఆపు!" అని కొరివి మీద అరిచింది.

"ఆపితే ముసలాడు మొదట నొక్కేది ఆ త్రికోణమే!"

అందుకని ఆపలేదు. పక్కకి పోయి, బాబాయ్ కారుకి రాసుకుంటూ నెట్టాడు. రేకులు కీచుమన్నాయి. బాబాయ్ రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు. తిట్టుకో బాబాయ్, చేతులు మాత్రం తియ్యకు! టన్నెల్ నోటి దగ్గర ఆ కారు గోడను గీరుకుంటూ ఆగిపోయింది.

ఆగడమే తడవు, బాబాయ్ వేలు త్రికోణం మీదికి వెళ్లింది.

కొరివి ఆ కారు బానెట్ మీదికి దూకి పిస్టల్ గురిపెట్టాడు. "చేతులు పైకి!"

బుల్లెట్‌ప్రూఫ్ అద్దం వెనక కూర్చున్న బాబాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు.

రాయబారిని, బాబాయ్‌ని దింపారు. మిగతా అందరినీ దూరంగా పంపించారు. జామర్ ఆపించి, చీఫ్‌కి ఫోన్ కలిపి, బాబాయ్ సీటు ముందు డాష్‌బోర్డు మీద పెట్టాడు కొరివి. ఇంజనీర్‌ని కాలర్ పట్టి ఈడ్చుకొచ్చి ఆ సీట్లో కుదేశాడు. రిమోట్ ముట్టుకోలేదు. దాంతో లాక్ చేస్తే ఆ నాలుగు లైట్లే మిణుకుమంటాయి. తలుపు వేసి తాళంచెవి తిప్పాడు. వజ్రం తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ కాల్‌లోకే చేరింది.

"సార్, నిన్న లంచ్‌లో మీ వాళ్లు అటు వెళ్లినప్పుడు, ఇంకో బటన్‌కి కూడా కనెక్షన్ ఇచ్చాను. ఏదో చెప్పను. నమ్మకపోతే ఒక్కోటీ నొక్కి చూసుకోండి."

అద్దం అవతల వాడి చెయ్యి లేచింది. తలుపు తెరిచే బటన్ దాకా వెళ్లి, ఒళ్లోకి వచ్చేసింది. ఎండ మండుతోంది. ఏసీ బటన్ వైపు చూశాడు. ముట్టుకోలేదు. ప్రతి బొమ్మా వాడికి తెలుసు. ఏ ఒక్కదాన్నీ నమ్మలేడు. కొరివి రోడ్డు పక్క రాయి మీద కూర్చుని వాడి చెమటనే చూస్తున్నాడు. నా తమ్ముడు లోయలోకి పోతూ ఇలాగే చూసి ఉంటాడ్రా ఆ బటన్ వంక. చూడు. బాగా చూడు.

"చెప్తాను!" ఫోన్లో వాడు కేక పెట్టాడు. "ఆ డ్రైవర్ సరైన బటనే నొక్కాడు! వైరు మార్చింది నేను! తెరవండి!"

చీఫ్ అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "రిపోర్టు చింపేస్తున్నా కొరివీ. వాణ్ని బయటికి తియ్యి."

"తీస్తాలెండి సార్. తొందరేముంది?"

"అమ్మాయ్, నిజంగా ఇంకో కనెక్షన్ ఇచ్చావా?" చీఫ్ అడిగాడు.

"నాకు ఫ్యూజ్ మార్చడం కూడా రాదు సార్," అంది వజ్రం.

వెనక నుంచి బాబాయ్ దగ్గాడు. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "ఒరేయ్, ఇవి దించడానికి ఏ బటన్ నొక్కాలో అదన్నా చెప్పి చావు!"