మగ్గాల మోతలో మెల్లని మాట

"ఉద్యోగం వచ్చిందాండీ? నాకేనా? రేపే చేరాలా? అలాగేనండీ!"

ఫోన్ పట్టుకుని భర్త పెట్టిన కేకకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కొత్త కోడలు పరుగున వచ్చి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది కానీ, అప్పటికే వీధి వీధంతా వినేసింది.

ఆ ఇంట్లో అంతే మరి! తండ్రీ కొడుకులిద్దరూ బట్టల మిల్లులో, మగ్గాల మోత మధ్య పనిచేస్తారు. ఉప్పు అందుకోమన్నా ఉరిమినట్టే ఉంటుంది. కొత్త ఉద్యోగమేమో ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళకి జవాబు చెప్పడం. అందుకే పెళ్ళయినప్పటి నుంచీ ఆమె తలుపేసుకుని మొగుడికి మెల్లగా మాట్లాడటం నేర్పింది. ఆ గుసగుసల పాఠాలకి ఇద్దరూ నవ్వాపుకోలేక దిండ్లలో మొహాలు దాచుకునేవాళ్ళు. మామగారికి మాత్రం ఆదివారం నెమ్మదిగా చెబుదామనుకున్నారు.

ఇంకెక్కడి ఆదివారం! మిల్లుకి బయల్దేరిన మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఏం ఉద్యోగమో కొడుకు చెప్పక తప్పలేదు.

"ఏరా, మాట్లాడటం కూడా ఒక పనేనా? సాయంత్రానికి ఇదిగో ఇది చేశానని ఏం చూపిస్తావ్? నా పక్క మగ్గం నీకిమ్మని మేస్త్రీని ఎంత బతిమాలానో తెలుసా?"

"సగం మగ్గాలు ఆగిపోయాయి కదా నాన్నా!"

"మిగతా సగం ఆడుతున్నాయిగా!"

కోడలికి తెలుసు. ఆయన కాదంటే భర్త కాలు బయట పెట్టడు.

"అబ్బబ్బ, నా చెవులు!" అంది మంచం మీంచి మామగారి తల్లి. "ఒరేయ్, నువ్వు నాగలి వదిలి మిల్లుకెళ్తానన్నప్పుడు మీ నాన్న ఏమన్నాడు? దారం వండుకు తింటావురా అని గట్టు మీద కూలబడి ఏడవలేదూ?"

మామగారు కొడుకు వైపు చూశారు.

"పొలం కోసం ఏడ్చాడనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. పక్కన నేనుండననా?" ఆయన గొంతు గుసగుసలా తగ్గింది. "పక్క మగ్గం దగ్గర వీడు లేకపోతే నాకూ ఏం తోస్తుందే?"

ఆయన అంత మెల్లగా మాట్లాడగా కోడలు ఎప్పుడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు నిండాయి, అందులోనే నవ్వూ వచ్చేసింది.

"మామయ్యగారూ, ఇన్నాళ్ళు కష్టపడి ఈయనకి నేర్పాను. చూస్తే ఉద్యోగం మీరే కొట్టేసేలా ఉన్నారు!"

ముసలమ్మ పగలబడి నవ్వింది. మామగారు కళ్ళు తుడుచుకుని కొడుకు భుజం మీద ఒక్క చరుపు చరిచారు.

"రేపు పొద్దున నాతో మిల్లు గేటు దాకా రా. మనవాళ్ళందరికీ నేనే చెప్తా. అక్కణ్ణుంచి ఆసుపత్రికి నేనే తీసుకెళ్తా. అమ్మాయ్, నువ్వూ తయారుగా ఉండు, ముగ్గురం కలిసే వెళ్దాం!"